గ్రుడ్డు మానిన పెట్ట

బంగారు గ్రుడ్లు పెట్టు బాతును కోసి చూచిన అవివేకి కథను మనమందరము చిన్న తరగతులలోనే చదివితిమి. వాని తెలివితక్కువతనమునకు నవ్వితిమి కూడ. కాని ఆ బాతు ఒకనాడు గ్రుడ్డు పెట్టుట మానియుండిన యెడల వాడేమి చేసియుండును? కథ ఆ సంగతి చెప్పదు. మన పెరళ్ళు మాత్రము చెప్పుచున్నవి. వారము పది దినములు గ్రుడ్డు కనబడకున్నచో "ఇక అది పనికిరాదు" అను మాట ఇంటిలో పుట్టును. మరునాటి ఉదయమున దాని కాళ్ళకు త్రాడు పడును. అది ఎందుకు మానినదని అడుగువారు అరుదు.

ఇది తగని పని యని మా అభిప్రాయము. గ్రుడ్డు మానిన పెట్టను ఎన్నడును అమ్మరాదని మేము చెప్పుట లేదు; కోయరాదనియు చెప్పుట లేదు. కోడిని పెంచువాడు కోడిని తినుట లోకమున ఉన్నదే. కారణము తెలిసికొనక తీర్పు చెప్పరాదనియు, రోగముతోనున్న కోడిని తెలిసి తెలిసి ఇతరుల పాలు చేయరాదనియు మాత్రమే మా వాదము. ఈ రెండు మాటలను మేము పుస్తకములవలన నేర్వలేదు. మా తప్పువలన నేర్చితిమి.

కొన్ని యేండ్ల క్రిందట మా పెరటిలో ఒక నల్లపెట్ట ఈకలు ఉబ్బించుకొని, కన్నులు మూసికొని, గోడప్రక్కన ఒంటిగా నిలుచుండుట మొదలుపెట్టెను. గ్రుడ్డు మాని అప్పటికి నాలుగు దినములాయెను. చచ్చిన కోడికి వెల రాదని తలచి, దానిని వారపు సంతకు కొనిపోయి, ప్రక్క పల్లెనుండి వచ్చిన యొక ముసలమ్మకు తక్కువ ధరకు అమ్మితిమి. ఆమె "బాగుండాదా అయ్యోరా?" అని యడిగెను. "ఎండలో తెచ్చితిమి గదా, బడలినది" అని బదులు చెప్పితిమి. మూడు వారముల పిమ్మట ఆమె మరల సంతలో కనబడెను. తన గూటిలోని కోళ్ళన్నియు మెడలు వంకరపోయి చచ్చినవని ఇరుగుపొరుగు వారితో చెప్పుకొని దుఃఖించుచుండెను. మా పెట్టయే ఆ తెగులును మోసికొనిపోయెనో కాదో నిశ్చయముగా చెప్పగలవారు లేరు. ఆమెయు మమ్ము నిందింపలేదు. అయినను నాటినుండి ఆమె కూర్చుండు వైపునకు పోవుటకు మాకు కాళ్ళు రాలేదు.

ఒక కోడికై ఇంత పరితాపమా యని కొందరు నవ్వవచ్చును. పెరటి కోళ్ళ సొమ్ము పెక్కు ఇండ్లలో ఇల్లాలి సొమ్ము. పొలము పంట అప్పులకు పోవచ్చును. పాల డబ్బు దాణాకు పోవచ్చును. గ్రుడ్లమ్మిన చిల్లర మాత్రము కొంగున ముడిపడి, పిల్లల నోటుపుస్తకమునకో, జ్వరపు మందునకో అక్కరకు వచ్చును. ఈ సంచికను చదువు విద్యార్థులలో ఎందరి పలకలు, పెన్నులు ఆ ముడినుండి వచ్చినవో వారి తల్లులకే తెలియును. కావున గూడు ఖాళీయగుట చిన్న విషయము కాదు.

గత కార్తీకమాసమున మా యింట తేనెరంగు పెట్ట యొకటి గ్రుడ్డు మానెను. అనుభవమున్నను బుద్ధి వెంటనే రాదు. ఈసారి అమ్మక కోసివేయుదమని తలచితిమి. మా అమ్మ ఒప్పుకొనలేదు. "కోసేది రేపైనా కోయొచ్చు. ముందు చేతికి తీసుకొని చూడు నాయనా. దూరంనుంచి చూస్తే కోడి ఏమీ చెప్పదు" అనెను.

ఆ మాటలో గొప్ప సత్యము కలదు. కోడి తన జబ్బును దాచుకొను ప్రాణి. గ్రద్దకును, కుక్కకును బలహీనమైన పక్షియే మొదట కనబడును. గుంపులోని తక్కిన కోళ్ళును దానినే పొడుచును. అందుచేత అది శక్తి యున్నంతవరకు మేతకు వచ్చినట్లే నటించును. మన కంటికి జబ్బు తోచునప్పటికి అది ముదిరియే యుండును. కాబట్టి చూపు చాలదు, చేయి కావలెను.

చీకటిపడిన పిమ్మట, కోళ్ళు కదలక కూర్చున్న వేళ, మెల్లగా దానిని తీసి ఒడిలో పెట్టుకొని పరీక్షించితిమి. తలపై తురాయి వెలవెలబోయియుండెను. రొమ్ము ఎముకకు ఇరుప్రక్కల కండ కొంత తగ్గియుండెను. రెక్కల క్రిందను, తోక మొదటను ఈకలను విడదీసి చూడగా పేలు గుంపులుగా పారుచుండెను. మెడపై పాత ఈకలు రాలి, క్రొత్త ఈకల మొలకలు ముళ్ళవలె చేతికి తగిలెను. అనగా దానికి వచ్చినది చావుతెగులు కాదు. ఒకటి పేల బాధ, రెండవది ఈకలు మార్చుకొను కాలము. ఆ రాత్రి కత్తి నూరియుండిన యెడల ఈ రెండును మాకు తెలియకయే పోయెడివి.

గ్రుడ్డు మానుటకు గల కారణములలో సగము రోగములే కావు. వానిని మొదట తెలిసికొనుట మంచిది. నాటుపెట్ట పది పదునైదు గ్రుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండును. గ్రుడ్లు పొదుగుటకు 21 దినములు, పిల్లలను వెంట త్రిప్పుకొనుటకు రెండు మూడు నెలలు పట్టును. ఆ కాలమున అది గ్రుడ్డు పెట్టకుండుట దాని ధర్మము. సంవత్సరమునకు 50, 60 గ్రుడ్లు నాటుపెట్టకు సాధారణము. నామక్కల్ ప్రాంతపు పెద్ద ఫారములలోని జాతికోళ్ళు సంవత్సరమునకు ఇంచుమించు 300 గ్రుడ్లు పెట్టును; అవి పొదుగుటయే మరచినవి. వానితో పోల్చి మన పెట్టను సోమరియని నిందించుట న్యాయము కాదు.

ఇక ఈకల సంగతి. సంవత్సరమున కొకమారు కోడి పాత ఈకలను రాల్చి క్రొత్తవానిని తెచ్చుకొనును. ఈక యనగా దాదాపు అంతయు మాంసకృత్తులే. గ్రుడ్డునకును అవియే కావలెను. రెంటికిని చాలినంత లేనందున దేహము గ్రుడ్డును ఆపి ఈకను పూర్తిచేయును. ఇందుకు రెండు నెలలో, ఇంకను ఎక్కువయో పట్టవచ్చును. పగటి వెలుగు తగ్గిన కొలది గ్రుడ్లు తగ్గుటయు కోళ్ళ స్వభావము. మన హోసూరు ప్రాంతమున జూన్ మాసమున సుమారు పన్నెండుముప్పాతిక గంటలుండు పగలు డిసెంబరున పదకొండున్నర గంటలకు దిగును. ఈ భేదము స్వల్పమే యైనను, చలి, మేతకొరత తోడైనప్పుడు అదియు లెక్కకు వచ్చును. ముసలితనముచే మానుటయు కలదు. పెట్ట మానక దొంగచాటుగా గడ్డివాములోనో, కంచె మొదటనో పెట్టుచుండుటయు కలదు. కోడిని తిట్టుటకు ముందు వామి వెనుక ఒకమారు చూడుడు!

తరువాత మేత, నీరు. గ్రుడ్డు లోపలి పదార్థమున ముప్పాతిక పాలు నీరే. వేసవిలో ఒక దినము నీటితొట్టి ఎండినను గ్రుడ్డు ఆగిపోవచ్చును. ఒక గ్రుడ్డు తయారగుటకు ఇంచుమించు 25 గంటలు పట్టగా, అందులో 20 గంటలు పైపెంకు కట్టుటకే పోవును. ఆ పెంకునకై సుమారు రెండు గ్రాముల కాల్షియము కావలెను. మేతలో అది లేకున్న కోడి తన యెముకలనుండి తీసి యిచ్చును. ఎముకలు తరిగిన పిమ్మట మానుకొనును. తోలుగ్రుడ్డు పెట్టుట దానికి ముందుసూచన. గుల్లల పొడినో, కాల్చి నూరిన గ్రుడ్డుపెంకులనో ఒక చిప్పలో పెట్టిన చాలును. కావలసినంత అదియే తినును. మన ఇండ్లలో కోళ్ళకు రాగులు మాత్రమే చల్లుట అలవాటు. రాగులు మంచివే, అందు కాల్షియము కూడ కలదు. కాని రాగులతోనే ఈక మొలవదు, గ్రుడ్డు నిండదు. వేరుసెనగ చెక్క, చెదలు, ఎండుచేపల పొడి, ఆకుకూర తుంపులు తోడుచేయవలెను.

ఇవి యేవియు కావని తేలినప్పుడు జబ్బును అనుమానింపవలెను. కొన్ని గుర్తులు పిల్లలును గుర్తుపట్టగలరు. తెల్లవారి మేతకు విడుచుటకు ముందు మెడ క్రింది మేతసంచిని తాకి చూడుడు. రాత్రికి రాత్రి అది ఖాళీ కావలెను. గట్టిగానో, పులిసిన వాసనతో మెత్తగానో యున్నచో అరుగుదల చెడినది. తోక దించి, ముక్కుచు, మరల మరల గూటిలోనికి పోయి వట్టిగా వచ్చుచున్నచో గ్రుడ్డు అడ్డుపడియుండవచ్చును. గోరువెచ్చని నీటిలో దాని క్రిందిభాగము పావుగంటసేపు మునుగునట్లు ఉంచి, ద్వారమునకు కొంచెము నూనె రాచి, చీకటిచోట విశ్రాంతి నిచ్చిన తరచుగా వెలువడును. పొట్టను నొక్కరాదు, లోపల గ్రుడ్డు పగిలిన ప్రాణాపాయము. ఒక దినములో వెలువడకున్నచో పశువైద్యుని యొద్దకు పోవలెను. తురాయి తెల్లబోవుట పేలవలననో, గూటి పగుళ్ళలో పగలు దాగి రాత్రి నెత్తురు త్రాగు పురుగులవలననో, కడుపులోని పాములవలననో కావచ్చును. ఒడిలోని కోడి వేడిగానున్నదని జ్వరమనుకొనరాదు. ఆరోగ్యముగల కోడి దేహపు వేడియే 41 డిగ్రీల సెంటీగ్రేడు పైచిలుకు.

జబ్బుకోడికి మొదటి మందు ఏకాంతము. వేరు గంప, వేరు నీటిచిప్ప, గాలి కొట్టని పొడిచోటు. ఆరోగ్యముగల కోళ్ళకు ముందుగా మేతవేసి, జబ్బుదానిని చివర చూచుకొని, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలు ఈ నియమమును తప్పక పాటింపవలెను. కోళ్ళ రెట్టలోని కొన్ని క్రిములు మన కడుపులకును హాని చేయును. సంతనుండి క్రొత్తగా తెచ్చిన కోడినైనను రెండు మూడు వారములు వేరుగానుంచి పిమ్మట మందలో కలుపవలెను. ఆ ముసలమ్మకు మేము ఈ మాట చెప్పియుండిన యెడల ఆమె గూడు నిలిచియుండెడిదేమో.

పసుపు, వెల్లుల్లి, వేపాకు మన పెద్దలు వాడుచు వచ్చిరి. వానిని మేము ఆక్షేపింపము. కాని మనుష్యులకిచ్చిన మాత్రలలో మిగిలినవానిని సగము విరిచి కోడి నోట వేయుట మాత్రము మానవలెను. ఏ మందు, ఎంత, ఎన్నినాళ్ళు అనునది వైద్యుడు చెప్పవలసినది. మందు వాడుచున్న కోడి గ్రుడ్లను ఎన్నినాళ్ళవరకు తినరాదో కూడ ఆయననే అడుగవలెను.

ఇక అన్నిటికంటె భయంకరమైన తెగులును గూర్చి. ఆకుపచ్చని, తెల్లని విరేచనములు, నోరు తెరచి రొప్పుట, రెక్క జారుట, మెడ మెలితిరుగుట దాని గుర్తులు. టీకా పడని మందలో అది ప్రవేశించినచో మిగులు కోళ్ళు బహుస్వల్పము. 1926లో జావా ద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునందును దీనిని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. మన దేశమున హిమాలయపాదములయందలి రాణీఖేత్ పేరు దీనికి నిలిచిపోయెను. వచ్చిన పిమ్మట దీనికి మందు లేదు. రాకముందు టీకా కలదు. పిల్ల పుట్టిన మొదటి వారముననే కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క, ఎనిమిది వారముల ప్రాయమున సూది వేయుదురు. ఆరోగ్యముగానున్న కోడికే టీకా. జబ్బుపడిన దానికి వేయించి ప్రయోజనము లేదు.

మనవంటివారి కిచ్చట ఒక చిక్కు కలదు. మన అవ్వలు ఈ తెగులును కొక్కెర తెగులందురు. పశువైద్యశాల గోడపై తమిళమున 'వెళ్ళై కళిచ్చల్' అనియు, 'కోళి కళిచ్చల్' అనియు వ్రాసియుండును. ఎల్ల దాటి మాలూరు, కోలారు వైపు పోయిన కన్నడమున 'కొక్కరె రోగ' అందురు. వైద్యుడు రాణీఖేత్ అనును. పేర్లు నాలుగైదు, తెగులు ఒక్కటే. ఇది తెలియక, సాధారణముగా ఫిబ్రవరి మాసమున ప్రభుత్వమువారు ఉచితముగా టీకాలు వేయు దినములలో, "అది తెల్ల విరేచనాలకంట, మన కోళ్ళకు ఆ జబ్బు లేదు" అని గూటి తలుపు మూసికొన్న ఇండ్లను మేము ఎరుగుదుము. మన పిల్లలు బడిలో తమిళమును నేర్చుచున్నారు. ఆ ప్రకటనను చదివి, అవ్వకు అర్థమగు మాటలో చెప్పవలసినవారు వారే. రెండు భాషలు తెలిసినవాడు గూటిలోని కోడినైనను కాపాడలేకున్నచో ఆ చదువు ఇంటికి చేరనట్లే.

ఈ శ్రమయంతయు ఒక్క కోడికి తగునా అని పెద్దలు అడుగుదురు. ఒక దినపు కూలి పోగొట్టుకొని వైద్యశాలకు పోవుట కంటె ఆ కోడిని కూర చేసికొనుట మేలు కాదా యని వారి వాదము. అందు కొంత న్యాయము కలదు. పేదయింట ప్రతి పైసకును లెక్క యుండును. కాని పైన చెప్పినవానిలో పెక్కింటికి పైసా ఖర్చు లేదు. చేతికి తీసి చూచుట, వేరు గంపలో ఉంచుట, నీరు మార్చుట, గూటి పగుళ్ళకు సున్నము కొట్టుట, బూడిద కలిపిన దుమ్ములో పొర్లనిచ్చుట — వీనికి కావలసినది ఓపిక. పైగా ఒక కోడి జబ్బు ఒక కోడి జబ్బు మాత్రమే కాదు; దానిని తెలిసికొన్నవాడు తక్కిన మందను రక్షించుకొనును. జబ్బుకోడిని కూర చేసికొనుటయు క్షేమము కాదు.

దయ పేరిట మరియొక తప్పు చేయరాదు. ఎంత చేసినను కోలుకొనక, మెడ ఎత్తలేక, నీరు మ్రింగలేక కొట్టుకొనుచున్న ప్రాణిని దినముల తరబడి ఉంచుట దయ కాదు. తెలిసినవారిచేత త్వరగా దాని బాధను ముగింపించి, లోతుగా గోయి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చవలెను. చెరువులోను, రోడ్డుప్రక్కను పారవేయరాదు. ఒక్కమారుగా పెక్కు కోళ్ళు చచ్చిన యెడల ముట్టుకొనక, దాచక, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. 2006లో మహారాష్ట్రములోని నవాపూరున మన దేశమునకు మొదటిసారి పక్షుల ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు లక్షల కోళ్ళను చంపవలసివచ్చెను. అట్టి తెగులును దాచుట ఊరందరికిని ద్రోహము.

మా తేనెరంగు పెట్ట సంగతి చెప్పి ముగింతుము. వైద్యశాలనుండి తెచ్చిన పొడిని ఈకలలో చల్లితిమి. గూటికి సున్నము కొట్టితిమి. మా అమ్మ దినమును పిడికెడు చెక్కపొడి, ఆకుకూర దానికి వేరుగా పెట్టెను. సంక్రాంతి పండుగకు నాలుగు దినములు ముందు, క్రొత్త ఈకలతో నిగనిగలాడుచు, గడ్డివామి మొదట గ్రుడ్డు పెట్టి ఇల్లదరునట్లు అరచెను. అది పొదిగిన పిల్లలలో రెండు పెట్టలను, టీకాలు వేయించి పెంచి, సంతలోని ఆ ముసలమ్మకు కొనిపోయి యిచ్చితిమి, వెల తీసికొనలేదు. నాటి సంగతియు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, ఒకదానిని చేతికి తీసికొని, రెక్క ఎత్తి చూచి, "ఇవి బాగుండాయి అయ్యోరా" అనెను. పోయిన కోళ్ళు తిరిగి రావు. అయినను ఆ సంతలో ఆ వైపునకు ఇప్పుడు నడువగలుగుచున్నాము.

విద్యార్థులారా! మీ యింట గ్రుడ్డు మానిన పెట్ట యున్నచో ఈ రాత్రియే దీపము పట్టుకొని దానిని ఒడిలోనికి తీసికొనుడు. చూచినదానిని ఒక కాగితముపై వ్రాసికొనుడు. తల్లిదండ్రులారా! వారు వ్రాసినదానిని విని, ఆ పిమ్మట మీ తీర్పు చెప్పుడు. అమ్ముట యైనను, ఉంచుట యైనను, తెలిసి చేసిన పనికి పశ్చాత్తాపము తక్కువ.